మునసబు ఇంట పుట్టినవారికే మునసబుగిరీయా? ప్రభుత్వ నియామకాల్లో బంధుప్రీతి చిక్కుముడి

అప్పటి గుంటూరు జిల్లాలో పెరవలిపాలెం అనే చిన్న ఊరు. పెద్ద గ్రామాన్ని విడగొట్టగా కొత్తగా లెక్కకెక్కింది కాబట్టి ఆ ఊరికి కొత్త మునసబు, అంటే శిస్తు వసూలు చేసే గ్రామాధికారి, కావలసి వచ్చాడు. దరఖాస్తులు వచ్చాయి. రెవెన్యూ డివిజనల్ అధికారి ఒకరిని ఎంపిక చేశాడు. ఇంకొక అభ్యర్థి పై అధికారికి అప్పీలు చేసుకోగా పదవి ఆయనకు మారిపోయింది. ఆయనకు కలిసివచ్చింది పాత మునసబు కుటుంబంలో పుట్టడం.

ఇందులో లంచం లేదు, దొంగచాటు వ్యవహారం అంతకన్నా లేదు. పై అధికారి చట్టంలో ఉన్నదే చేశాడు. ఊళ్లను కలిపినా విడదీసినా, కొత్త ఉద్యోగాన్ని పాత ఉద్యోగుల కుటుంబాల నుంచే నింపాలని 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం 6(1) సెక్షన్ చెప్పింది. పదవి పోయిన అభ్యర్థి సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. 1960 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఆ నిబంధన చెల్లదని తీర్పు ఇచ్చింది. న్యాయశాస్త్ర విద్యార్థులు గాజుల దశరథ రామారావు కేసుగా ఇప్పటికీ చదువుకునేది దీన్నే.

ఆ తీర్పుకు ఆధారం రాజ్యాంగంలోని 16(2) అధికరణం. ప్రభుత్వోద్యోగంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం అనే కారణాలతో వివక్ష చూపరాదని అది చెబుతుంది. ఈ ఏడింటిలో కులం, మతం అందరికీ గుర్తుంటాయి. నడుమ ఉన్న ‘వంశం’ మీద ఎవరి చూపూ ఆగదు. బంధుప్రీతి మీద మన రాజ్యాంగం పెట్టిన అసలు కాపలా ఆ ఒక్క మాటే.

రెండు మాటలు, రెండు వేరు రోగాలు

ఎన్నికల సభల్లో ‘బంధుప్రీతి, ఆశ్రిత పక్షపాతం’ అని జంటపదంగా దొర్లిపోతుంటాయి గానీ, ఈ రెండూ ఒకటి కావు. చుట్టరికం చూసి పదవి ఇస్తే బంధుప్రీతి. తనను నమ్ముకుని తిరిగినవాడికి, ఎన్నికల్లో ఖర్చు పెట్టినవాడికి, చెప్పినట్టు సంతకం పెట్టేవాడికి ఇస్తే ఆశ్రిత పక్షపాతం. మొదటిదాన్ని పట్టుకోవడం కొంత తేలిక. ఇంటిపేరో పెళ్లి శుభలేఖో బయటపెట్టేస్తుంది. రెండోదానికి ఏ రిజిస్టరులోనూ నమోదు ఉండదు.

బంధుప్రీతికి ఐరోపా భాషల్లో ఉన్న మాట (ఇంగ్లీషులో ‘నెపోటిజం’) ‘నిపోతే’ అనే ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. పోప్‌లు తమ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కొడుకులను కార్డినల్ పదవుల్లో కూర్చోబెట్టే ఆనవాయితీ ముదిరి, చివరికి 1692లో పోప్ 12వ ఇన్నోసెంట్ దాన్ని నిషేధించవలసి వచ్చింది. మేనల్లుడికి, అన్న కొడుకుకు, మనవడికి మనకు వేరువేరు మాటలున్నాయి. ఇటాలియన్‌లో అందరికీ ‘నిపోతే’ ఒక్కటే. పదవులు పంచేవారికి అదీ ఒక సౌకర్యమే అయి ఉంటుంది.

మన దగ్గర కథ ఇంకొక రకంగా నడిచింది. ఈస్టిండియా కంపెనీ కొలువులు చాలాకాలం డైరెక్టర్ల సిఫారసు మీదే దక్కేవి. మెకాలే అధ్యక్షతన వేసిన కమిటీ 1854లో దాన్ని కాదని పోటీ పరీక్ష పెట్టమంది, మరుసటి ఏడు లండన్‌లో పరీక్ష మొదలైంది. కలెక్టరు పదవికి పరీక్ష వచ్చిన నాలుగు దశాబ్దాలకు, ఆ కలెక్టరు కింద శిస్తు వసూలు చేసే మునసబు పదవిని మాత్రం 1895 చట్టం వంశానికి కట్టేసింది. ఊళ్లో భూమి లెక్క కరణం ఇంటి పెట్టెలో ఉండేది. ఆ లెక్క చదవడం కరణం కొడుకుకే వచ్చు. తెలంగాణలో పటేల్, పట్వారీలది కూడా ఇదే తీరు. వందేళ్ల తరువాతి ఫలితం ఏమిటంటే, కలెక్టరు బదిలీ మీద వెళ్లిపోతాడు, కరణం ఉండిపోతాడు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామోద్యోగాలను ఒక్క దెబ్బతో రద్దు చేసినప్పుడు ఊళ్లలో అంత గగ్గోలు పుట్టడానికి కారణం అది. పోయింది జీతం కాదు, తరాల అధికారం. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది.

చుట్టం పరీక్ష రాస్తే తప్పా?

ఇక్కడి నుంచి చిక్కు మొదలవుతుంది. సర్వీసు కమిషన్ సభ్యుడి కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు చేయకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. చెబితే అది కూడా వంశం మీద వివక్షే అవుతుంది. మరి తప్పు ఎక్కడ దాక్కుంటుంది?

1980లో హర్యానా సివిల్ సర్వీసుల పరీక్ష జరిగింది. ఎంపికైనవారిలో కమిషన్ సభ్యుల బంధువులు ఉన్నారు. రాతపరీక్షకు 700 మార్కులు, ఇంటర్వ్యూకు 200. అంటే మొత్తంలో ఇంటర్వ్యూ వాటా 22.2 శాతం. మాజీ సైనికుల కోటాలో అయితే 33.3 శాతం. ఖాళీలకు 20 రెట్లకు పైగా అభ్యర్థులను ఇంటర్వ్యూలకు పిలిచారు. 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లెక్క మీదే వేలు పెట్టింది. సాధారణ అభ్యర్థులకు ఇంటర్వ్యూ వాటా 12.2 శాతం మించరాదని, ఖాళీలకు రెండు మూడు రెట్లకు మించి అభ్యర్థులను పిలవరాదని చెప్పింది.

ఆ పది శాతం తేడా ఏం చేస్తుందో ఊహాజనితమైన లెక్కతో చూద్దాం. సీత రాతపరీక్షలో 480 తెచ్చుకుంది, గిరి 400. ఎనభై మార్కుల తేడా అంటే పోటీ పరీక్షల లోకంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత. ఇంటర్వ్యూ 200 మార్కులదైతే, బోర్డు సీతకు 35 శాతం అంటే 70, గిరికి 80 శాతం అంటే 160 వేసిందనుకుందాం. సీతకు 550, గిరికి 560. ఉద్యోగం గిరిది. ఇప్పుడు ఇంటర్వ్యూను 97 మార్కులకు తగ్గించండి, మొత్తం 797లో అది దాదాపు 12.2 శాతం. బోర్డు మనసు మారలేదు, అదే 35 శాతం, అదే 80 శాతం. సీతకు 34, గిరికి 78. మొత్తాలు 514, 478. ఈసారి బోర్డు అదే పక్షపాతం చూపినా గిరి గట్టెక్కలేడు. ఎవరి మనసులో ఏముందో కోర్టు నిరూపించలేదు, నిరూపించనవసరమూ లేదు. మనసు ఎంత దూరం చేయి చాపగలదో కొలిచి, ఆ చేతిని కురచ చేసింది.

అదే కేసులో ఇంకొక తగవు ఉంది. తమ బంధువు లోపలికి వచ్చినప్పుడు సంబంధిత సభ్యులు పక్కకు తప్పుకున్నారు. అది చాలదని హైకోర్టు భావించింది. బంధువుకు ఎక్కువ మార్కులు వేయకపోయినా, మిగతావారికి తక్కువ వేసి అదే పని సాధించవచ్చు కదా అన్నది దాని తర్కం. సామాన్యులకు వెంటనే తట్టేదీ ఇదే. సుప్రీంకోర్టు మాత్రం సర్వీసు కమిషన్ రాజ్యాంగబద్ధ సంస్థ కాబట్టి, ప్రతి సభ్యుడూ మొత్తం ఇంటర్వ్యూలకు దూరమైతే అది పని చేయలేదని, బంధువు వచ్చినప్పుడు తప్పుకుంటే సరిపోతుందని తేల్చింది. ఎంపికలు నిలిచాయి. నాకు ఇక్కడ హైకోర్టు వాదనే బలంగా కనిపిస్తుంది. కానీ సుప్రీంకోర్టు లేవనెత్తిన ఆచరణ చిక్కు కూడా కొట్టిపారేసేది కాదు.

తరువాతి ప్రభుత్వాలు ఈ చిక్కును ఇంకొక వైపు నుంచి తెంపాయి. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు తీసేసింది. దీనికీ ప్రతివాదన ఉంది. జనంతో మెలగవలసిన డిప్యూటీ కలెక్టరును కాగితం మీద రాతతోనే ఎంచడమేమిటని అడిగేవారి మాట అర్థం లేనిది కాదు.

అర్హతలకు కొలతలు తీసి కుట్టడం

పరీక్ష ఉన్నచోట మార్కులు కనిపిస్తాయి. పరీక్ష లేనిచోట, అంటే కార్పొరేషన్ల ఎండీలు, జనరల్ మేనేజర్లు, సలహాదారుల వంటి కొలువుల్లో ప్రకటనే అసలు సరుకు. దర్జీ కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు, ముందుగా మనిషిని చూసుకుని ఆ తరువాత అర్హతలు రాస్తారు. ‘ఫలానా డిగ్రీ, ఫలానా డిప్లొమా, ఫలానా రంగంలో ఇన్నేళ్లు’ అన్న వాక్యం చదివితే ఎవరికీ ఏమీ అనిపించదు. ఆ వాక్యం ఎప్పుడు మారిందో చూస్తేనే తెలుస్తుంది.

ఇందుకు కేరళలో మంచి ఉదాహరణ ఉంది. అక్కడి మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థకు జనరల్ మేనేజరుగా 2018లో మంత్రి కె.టి.జలీల్ బంధువును డెప్యుటేషన్ మీద నియమించారు. అంతకు ముందే ఆ పదవికి కావలసిన విద్యార్హతలను సవరించారు. తగిన మనిషి దొరకకపోవడం వల్లే బ్యాంకు అనుభవమున్న వ్యక్తిని తెచ్చామన్నది మంత్రి వాదన. అర్హతల సవరణే ఆ బంధువు కోసం జరిగిందన్నది ఫిర్యాదు. 2021 ఏప్రిల్‌లో, అధికారంలో ఉన్నవారిపై అవినీతి ఫిర్యాదులు విచారించే లోకాయుక్త ఆయన అధికార దుర్వినియోగానికి, బంధుప్రీతికి పాల్పడ్డారని, మంత్రిగా కొనసాగకూడదని ప్రకటించింది. నాలుగు రోజులకు ఆయన రాజీనామా చేశారు. హైకోర్టులోనూ ఊరట దక్కలేదు.

అదే రాష్ట్రంలో 2016 అక్టోబరులో పరిశ్రమల మంత్రి ఇ.పి.జయరాజన్ కూడా బంధువు నియామకం మీదే పదవి వదులుకున్నారు. కానీ ఆ మీదట విజిలెన్స్ కేసు నిలబడలేదు, 2018లో ఆయన తిరిగి మంత్రి అయ్యారు. రెండు కథల్లోనూ చుట్టరికం నిజమే. తేడా ఏమిటంటే ఒకదానిలో నియామకం రద్దయిపోయింది, బంధువు ప్రయోజనం పొందిందేమీ మిగలలేదు. ఇంకొకదానిలో ఫైలు మీద అర్హతలు మారిన జాడ మిగిలింది.

వారసత్వమా, కారుణ్యమా: సింగరేణి పాఠం

బంధుప్రీతి అనగానే పెద్దవాళ్ల పిల్లలే గుర్తుకొస్తారు. పేదవాడు కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకుంటే దాన్ని ఏమనాలి?

ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చేది కారుణ్య నియామకం. 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. ఇది ఆస్తిలా సంక్రమించే హక్కు కాదు, ఇంటి యజమాని పోయిన రోజున పొయ్యి ఆరిపోకుండా ఆదుకునే ఏర్పాటు. అందుకే దీన్ని కింది స్థాయి కొలువులకే పరిమితం చేసింది. కేంద్రంలో గ్రూప్-సి ప్రత్యక్ష నియామక ఖాళీల్లో 5 శాతమే దీనికి కేటాయింపు.

సింగరేణిలో కథ వేరు. ‘డిపెండెంట్ ఉద్యోగం’ అన్న మాట గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం ఇళ్లలో పెళ్లి సంబంధాల దగ్గర కూడా వినిపిస్తుంది. ఒకప్పుడు ఉండి నిలిచిపోయిన ఆ పద్ధతిని 2016లో తిరిగి తెస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఉద్యోగి తనంతట తాను పదవీ విరమణ చేస్తే అతని వారసుడికి కొలువు. ఒక నిరుద్యోగి కోర్టుకు వెళ్లాడు. 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కుర్చీ వదిలి కొడుకును కూర్చోబెడితే అందులో కారుణ్యం ఎక్కడుందన్నది ప్రశ్న. 2018లో పథకం రూపం మార్చుకుంది. అనారోగ్యంతో పనికి పనికిరారని మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తేనే వారసుడికి అవకాశం. అప్పటి నుంచి ఇళ్లలో మాట కూడా మారింది: ‘నాన్న అన్‌ఫిట్ అయితే...’

కార్మికుల వాదన వినకుండా దీన్ని తీసిపారేయలేం. ముప్ఫై ఏళ్లు బొగ్గుబావి దిగిన మనిషికి యాభై దాటేసరికి మోకాళ్లు, ఊపిరి రెండూ మొరాయిస్తాయి. క్వార్టరు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, ఉద్యోగం పోతే ఊరే పోతుంది. ఇది పెద్దల పిల్లలకు పంచే పదవి కాదు, ప్రమాదం నిండిన శ్రమ. ఎదుటి వాదనా అంతే నిజం. అదే బొగ్గు బెల్టులో, గని కోసం భూమి పోయిన ఊళ్లో, తండ్రి సింగరేణి ఉద్యోగి కాని కుర్రాడు ఉన్నాడు. అతనికి ఆ నోటిఫికేషన్ ఎప్పటికీ రాదు. పెరవలిపాలెం అభ్యర్థి అడిగిందీ ఇతను అడిగిందీ ఒకటే ప్రశ్న. రైల్వేలో గ్యాంగ్‌మెన్, డ్రైవర్ల పిల్లల కోసం 2004లో తెచ్చిన ఇలాంటి పథకాన్ని కూడా సుప్రీంకోర్టు 2021లో దొడ్డిదారి ప్రవేశంగానే చూసింది.

ఇంకొక ముడి. 1984లో మునసబులు, కరణాలు పోయినా, వారి కింద పనిచేసిన గ్రామ సేవకుల కొలువులు వేరే పేర్లతో కొనసాగాయి. ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలు తరతరాలుగా అతి తక్కువ ప్రతిఫలానికి చేసిన పని అది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ కొలువుల్లో ఉన్న వీఆర్ఏలను (గ్రామ రెవెన్యూ సహాయకులను) వివిధ శాఖల్లో సర్దుబాటు చేస్తూ, 61 ఏళ్లు దాటినవారి బదులు వారి వారసులకు ఉద్యోగాలు ఇవ్వాలని నిర్ణయించింది. వివాదం హైకోర్టుకు చేరింది. మునసబు వంశానికి దక్కింది పెత్తనం. వీరికి వంశం అంటగట్టింది చాకిరీ. రెండింటికీ ఒకే కొలత వాడాలా? చట్టం వాడమంటుంది. ఆ మాటను నేను ఇంకా పూర్తిగా మింగలేకపోతున్నాను.

జెండా మోసినవారి వాటా

కార్పొరేషన్ ఛైర్మన్లు, మార్కెట్ కమిటీలు, దేవాలయ పాలకమండళ్లు. ప్రభుత్వం మారగానే నామినేటెడ్ పదవుల జాబితా కోసం నాయకులు హైదరాబాదు, అమరావతి దారి పడతారు. ఇక్కడ పక్షపాతం రహస్యం కాదు. ‘పార్టీ కోసం కష్టపడినవారికి’ అని వేదిక మీదే ప్రకటిస్తారు. సమర్థించేవారు చెప్పేది ఇది: ప్రజలు ఓటేసిన విధానం అమలు కావాలంటే ఆ విధానాన్ని నమ్మినవారే సంస్థల్లో ఉండాలి, లేదంటే ఆ కుర్చీలన్నీ విశ్రాంత అధికారులకే పోతాయి. ఈ పదవులు సామాజిక న్యాయానికి సాధనమన్న వాదన కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేటెడ్ పదవుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, సగం మహిళలకు కేటాయిస్తూ చట్టాలు చేసింది. అంటే పంపకాన్ని ఆపలేదు, పంక్తిలో కూర్చునేవారిని మార్చింది.

కానీ పంక్తికీ హద్దుండాలి. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలికి తోడు 50 మందికి పైగా ప్రత్యేక ఆహ్వానితులను నియమిస్తే, హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. చట్టంలో మండలి సభ్యుల సంఖ్యకు పరిమితి ఉంది, ‘ఆహ్వానితుడు’ అనే కొత్త పేరు పెడితే ఆ పరిమితి దాటిపోవచ్చా అన్నది అక్కడి తగాదా. బ్రిటన్‌లో 1995 నుంచి ఇలాంటి నియామకాలను గమనించడానికి ప్రత్యేక కమిషనర్ ఉన్నారు. అక్కడా చివరి మాట మంత్రిదే. కాకపోతే ఖాళీని ప్రకటించాలి, వడపోత జరగాలి.

ఇది నేరమేనా?

చాలామంది పొరబడేది ఇక్కడే. బంధువుకు పదవి ఇవ్వడమే నేరమని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో 1967 నుంచి ఉంది. అయినా 2017లో అధ్యక్షుడి అల్లుడు శ్వేతసౌధంలో సలహాదారు కావడానికి అది అడ్డు కాదని అక్కడి న్యాయశాఖ చెప్పింది.

మన అవినీతి నిరోధక చట్టం 1988లో ఒకప్పుడు 13(1)(డి) అనే సెక్షన్ ఉండేది. పదవిని దుర్వినియోగం చేసి ‘తనకు గానీ మరొకరికి గానీ’ లబ్ధి చేకూరిస్తే నేరం. ఆ ‘మరొకరికి’ అన్న మాట బంధుప్రీతిని పట్టే గాలం. 2018 జులై సవరణలో ఆ సెక్షన్ పోయింది. నిజాయితీగా నిర్ణయం తీసుకున్న అధికారి కూడా ఎవరికో లాభం కలిగిందన్న కారణంతో కేసుల పాలవుతున్నాడని, దాంతో ఫైలు మీద సంతకం పెట్టడానికే జంకుతున్నాడని సవరణను కోరినవారు వాదించారు. అందులో నిజముంది. దాని మరో ముఖం ఇది: ఇప్పుడు లంచం ఇచ్చినవాడో అక్రమ లబ్ధో కనిపించాలి. బంధుప్రీతిలో ఇచ్చేవాడు ఎవరూ ఉండడు, ప్రేమే ఉంటుంది.

జైలుకు వెళ్లినవారు లేకపోలేదు. హర్యానాలో 3,206 మంది ఉపాధ్యాయుల నియామకాల్లో అసలు ఎంపిక జాబితాల స్థానంలో వేరే జాబితాలు పెట్టినందుకు మాజీ ముఖ్యమంత్రి ఓంప్రకాశ్ చౌతాలాకు 2013లో పదేళ్ల శిక్ష పడింది. అయితే ఆయన్ని పట్టించింది ఆశ్రితుల మీద అభిమానం కాదు, దిద్దిన కాగితాలు.

కాగితాలు దిద్దని సందర్భాల్లో మిగిలేది లోకాయుక్త వంటి సంస్థలే. జలీల్‌ను ఇంటికి పంపిన కేరళ లోకాయుక్త చట్టానికి ఆ రాష్ట్ర శాసనసభ 2022లో సవరణ చేసింది, 2024 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఆమోదం దక్కింది. మంత్రి పదవికి తగడని లోకాయుక్త తేల్చినా, ఆ తీర్పు తనంతట తాను అమలు కాదు. ఆ మంత్రి ఉండాలో పోవాలో నిర్ణయించేది ఇప్పుడు ముఖ్యమంత్రి, అంటే ఆయన్ని మంత్రిని చేసినవారే.